ఎగ్జిమ్ లోపానికి రెండు మందులు: కొత్త వెర్షనా, పాతదానికే ప్యాచా?

2019 జూన్‌లో ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్‌లో (ఈమెయిళ్లు అందుకుని, పంపించే సాఫ్ట్‌వేర్) పెద్ద లోపం బయటపడింది. 4.87 నుంచి 4.91 వరకు అన్ని వెర్షన్లలోనూ ఉంది. ఉత్తరం అందుకునేవారి చిరునామాలో ఆదేశం ఇరికించి పంపితే, సర్వర్ దాన్ని రూట్ హోదాలో, అంటే యంత్రంపై పూర్తి అధికారంతో, నడిపేసేది. ఇంతకన్నా ఘోరం ఏముంటుంది!

ఫిబ్రవరిలోనే 4.92కి మారినవాళ్లకు ఈ బెడద లేదు. భద్రతా లోపమని తెలియకుండానే అందులో సరిచేసేశారు. కొత్త వెర్షన్ వాడటంలోని అసలు లాభం ఇదే: పేరు పెట్టని లోపాలూ పోతాయి.

డెబియన్ 9 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ దారి వేరు. 4.89ని అలాగే ఉంచి, కొత్త వెర్షన్‌లోని ఆ ఒక్క సవరణనే పాతదానికి తెచ్చి అతికించింది (ప్యాచ్ అంటే ఇదే). అందుకే వెర్షన్ అడిగితే 4.89 అనే చెబుతుంది. చూసి కంగారుపడొద్దు, ప్యాకేజీ వెర్షన్ చివర 'డెబ్9యూ4' (deb9u4) గానీ, అంతకన్నా పెద్ద సంఖ్య గానీ ఉందేమో చూడండి. ఉంటే ఆ రంధ్రం మూసినట్టే. సెట్టింగులు ఒక్కటీ కదలవు.

కొత్త వెర్షన్‌తో ఆ నిశ్చింత ఉండదు. 2020లో 4.94 వచ్చాక, బయటి నుంచి వచ్చిన పేరును నేరుగా ఫైలు దారిలో వాడనివ్వలేదు. సెట్టింగుల్లో ఏళ్లుగా నడిచిన '/వార్/మెయిల్/$లోకల్_పార్ట్' ($లోకల్_పార్ట్ అంటే చిరునామాలో @కి ముందున్న పేరు) లాంటి వరుస దగ్గరే ఉత్తరాలు ఆగిపోయాయి. మార్పు మంచిదే, కానీ ముందు పరీక్షించుకోనివాళ్లు ఇబ్బంది పడ్డారు.

ఒక్కరే సర్వర్ చూసుకునే చోట నా ఓటు డెబియన్ పద్ధతికే, ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్‌లో ఉంటేనే సుమా. ఎగ్జిమ్‌ను సోర్స్ కోడ్ నుంచి సొంతంగా కంపైల్ చేసుకున్నవాళ్లకు (తామే తయారు చేసుకున్నవాళ్లకు) మాత్రం ప్యాచ్ తెచ్చిపెట్టేవాళ్లు ఉండరు. కొత్త వెర్షనే గతి.