జియోజీబ్రా: ఆరేళ్లు వాడాక

నేను జడ్పీ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. పిల్లలకు బొమ్మలు చూపిద్దామని ఆరేళ్ల క్రితం ల్యాప్‌టాప్‌లో జియోజీబ్రా అనే లెక్కల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాను. తరగతి వాడకానికి ఉచితం, నెట్ లేకున్నా పనిచేస్తుంది. తీరా చూస్తే క్లాసులో కంటే రాత్రిళ్లు నా కోసం తెరిచిందే ఎక్కువ.

దానికి కారణం తొమ్మిదో తరగతి కుర్రాడొకడు. చతుర్భుజం భుజాల మధ్యబిందువులను వరుసగా కలిపితే సమాంతర చతుర్భుజం వస్తుందని నిరూపణ రాయించాను. "సార్, ఒక మూలను లోపలికి నొక్కేస్తేనో?" అన్నాడు. "అప్పుడు రాదురా" అనేశాను. పదిహేనేళ్లుగా బోర్డు మీద అందమైన చతుర్భుజాలే గీశాను మరి! ఆ రాత్రి జియోజీబ్రాలో మూల పట్టుకుని లోపలికి లాగాను. సమాంతర చతుర్భుజం చెక్కుచెదరలేదు. భుజాలు ఒకదాన్నొకటి దాటేలా లాగినా అంతే. (రెండు కర్ణాలూ సమాంతరమైతే మాత్రం నలిగి ఒక గీత అయిపోతుంది.) టెన్షన్ పట్టుకుంది. నిరూపణ మళ్లీ తీశాను. కర్ణం గీస్తాం, దానికి చెరో త్రిభుజంలో మధ్యబిందువు సిద్ధాంతం వాడతాం. వచ్చిన రెండు రేఖలూ కర్ణానికి సమాంతరం, అందులో సగం. ఆ కర్ణం బొమ్మ లోపలే ఉండాలని ఎక్కడా లేదు. అన్నేళ్లూ రాయించానే గానీ సరిగ్గా చదవలేదన్నమాట. మర్నాడు నా తప్పు వాడిచేతే బోర్డు మీద దిద్దించాను.

వర్గ బహుపదికి స్లైడర్లు (జరిపితే గుణకాల విలువ మారే మీటలు) పెట్టి ఎక్స్ గుణకం ఒక్కటే మార్చినప్పుడూ ఇలాగే అయింది. దాని గ్రాఫ్, అంటే పరావలయం, పక్కకు జరుగుతుందనుకున్నాను. దాని శీర్షం (మలుపు తిరిగే బిందువు) ఇంకో పరావలయం మీద నడిచింది, అదీ తలకిందులుగా! శీర్షం నిరూపకాల్లోంచి ఆ గుణకాన్ని తొలగిస్తే తేలిపోతుంది గానీ, ఆ ఆలోచన తట్టడానికే నా ఆదివారం అయిపోయింది.

ఒక్క జాగ్రత్త. ఇది చూపిస్తుంది, ఎందుకో చెప్పదు. కోణాలను మామూలుగా రెండు దశాంశాలకు సవరించి చూపిస్తుంది కాబట్టి త్రిభుజంలో మూడూ కూడితే ఒక్కోసారి 179.99 వస్తుంది. సెట్టింగ్స్‌లో దశాంశాలు పెంచుకోవచ్చు, కానీ నేను పెంచను. "మరి 180 అని ఎలా అంటారు సార్?" అని పిల్లలు అడిగేది అక్కడే.

ప్రస్తుతం మోర్లే త్రిభుజం మీద ఉన్నాను. ఏ త్రిభుజం కోణాలనైనా మూడేసి సమభాగాలు చేసి, పక్కపక్క రేఖలు కలిసేచోట బిందువులు పెడితే సమబాహు త్రిభుజం వస్తుంది. తెర మీద పావుగంటలో వచ్చింది. నోట్‌బుక్‌లో నిరూపణ మాత్రం ఇంకా సగంలోనే ఉంది.