పాడింది పిల్లలా, ట్రాకా? ఎంవీపీ కాలనీ సంగీత నాటక శిబిరం: రివ్యూ

ఏప్రిల్ చివరి వారం వచ్చిందంటే విశాఖ అపార్ట్‌మెంట్ల లిఫ్టుల్లో సమ్మర్ క్యాంపుల కాగితాలు అంటిస్తారు. ఈత, కరాటే, అబాకస్, డ్రాయింగ్‌ల సరసన ఇప్పుడు 'మ్యూజికల్ థియేటర్' కూడా చేరింది. ఎంవీపీ కాలనీలో ఒక అద్దె హాల్లో, 7 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం మూడు వారాలు నడిచిన అలాంటి పగటి శిబిరం మీద ఈ రివ్యూ. పేరు రాయడం లేదు. కనిపించిన లోపాలు వచ్చే వేసవికి సర్దుకోగలిగినవి, పైగా ఊళ్లో ఇలాంటి శిబిరం ఏది చూసినా ఇవే లోపాలుంటాయి.

ముందు లెక్కలు. సోమవారం నుంచి శనివారం దాకా, మొత్తం 18 రోజులు. పిల్లలు 42 మంది, నేర్పేవాళ్లు అయిదుగురు: దర్శకుడు, సంగీతం టీచరు, డాన్సు మాస్టారు, ఆంధ్ర యూనివర్సిటీలో రంగస్థల కళలు చదివిన ఇద్దరు సహాయకులు. పదేళ్ల లోపు వాళ్లకు ఉదయం 8:30 నుంచి 12:30 దాకా, పెద్దవాళ్లకు మధ్యాహ్నం 3:30 దాకా. ఫీజు 9,500, దుస్తులకు విడిగా 1,500. ఎనిమిదిమందికి ఒక పెద్దమనిషి చొప్పున ఉన్నారు. పాటకు అది చాలు. చిన్న బ్యాచికి డాన్సు జరిగేటప్పుడు ఇంకొకరుంటే నయం.

కాగితం మీద 'బ్రాడ్‌వే స్టయిల్' అని వేశారు. అమెరికాలో పిల్లల కోసం పెద్ద నాటకాలను గంటకు కుదించి అమ్మే 'జూనియర్' ప్రతులుంటాయి. వాటిలో పాటల శ్రుతి పిల్లల గొంతుకు తగ్గట్టు ముందే మార్చి, ఆ శ్రుతిలోనే ట్రాకు ఇస్తారు. మన దగ్గర ఆ మాట వాడేవాళ్లలో చాలామంది సినిమా పాట కరావోకే వేసి పిల్లల చేత పెదాలు ఆడిస్తారు. ఆఖరి రోజు చప్పట్లు దానికీ పడతాయి. అందుకే ఇలాంటి శిబిరాన్ని ప్రదర్శన చూసి తేల్చకూడదు. నాలుగో రోజో ఐదో రోజో వెళ్లి గుమ్మం బయట నిలబడి వినాలి. లోపల పిల్లల గొంతులు వినిపిస్తున్నాయా, స్పీకరా?

ఈ శిబిరంలో గొంతులే వినిపించాయి. హార్మోనియం, డోలక్ ఎదురుగా పెట్టుకుని పాడించారు. అసలు బ్రాడ్‌వే దాకా వెళ్లక్కర్లేదు కూడా, పాడుతూ నటించడం మన రంగస్థలానికి పాతదే. సురభి నాటక సమాజం వాళ్లు 1885 నుంచీ చేస్తున్న పని అదే, పద్యనాటకమూ అదే.

శ్రుతి విషయంలో తీసుకున్న శ్రద్ధే ఈ శిబిరానికి ఎక్కువ మార్కులు తెచ్చేది. మగ గాయకుడు పాడిన సినిమా పాటను అదే శ్రుతిలో పిల్లలకు ఇస్తే రెండు విధాలా చిక్కే. గాయకుడి స్థాయిలోనే పాడితే పల్లవి మంద్రంలోకి దిగిపోయి పిల్లల గొంతు ఆనదు. ఒక స్థాయి పైకెత్తి పాడితే చరణం దగ్గర అరుపే మిగులుతుంది. కరావోకే యాప్‌లో ఒకటి రెండు మెట్లు కిందకో మీదకో జరుపుకోవచ్చు గానీ, అంతకు మించితే వాయిద్యాల నాదమే మారిపోతుంది. ఇక్కడ అమ్మాయిలకూ చిన్నపిల్లలకూ అయిదు, అయిదున్నర శ్రుతి (హార్మోనియం మీద జి, జి షార్ప్) పెట్టుకుని, వరసలను తారస్థాయి గాంధారం, అంటే పై స్థాయి 'గ' దాటనివ్వకుండా కట్టారు. చిన్నవాళ్లలో ఎవరి గొంతూ చిట్లలేదు.

అసలు పరీక్ష 12 నుంచి 15 ఏళ్ల మగపిల్లలు. గొంతు మారే వయసులో పై స్వరాలు ముందు పోతాయి, కింద స్వరాలు ఇంకా నిలకడగా రావు, మధ్యలో అయిదారు స్వరాలే నమ్మకంగా పలుకుతాయి. చాలాచోట్ల వీళ్లను 'పాట రాదు' అని వెనక వరసలో నిలబెట్టి జెండా చేతికిస్తారు. ఈ శిబిరంలో బోయవాడి పాత్రలు ముగ్గురు పెద్ద కుర్రాళ్లకు ఇచ్చి, వాళ్ల పాటను నాలుగు స్వరాల మధ్య తిరిగే వరసలో, సగం మాటగా సగం పాటగా, డోలక్ దెబ్బ మీద నడిపారు. గొంతు బొంగురుగా ఉండటం ఆ పాత్రకు కలిసొచ్చింది కూడా.

రోజూ మొదటి పావుగంట గొంతు సవరణ. వెల్లకిలా పడుకుని పొట్ట మీద పుస్తకం పెట్టుకుని ఊపిరి, తర్వాత పెదాలు బుర్రుమనిపిస్తూ కిందనుంచి పైకి, ఆ తర్వాత సరళి వరసలు (సంగీతంలో మొదటి స్వర పాఠాలు) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో. మూడో కాలం జోలికి వెళ్లలేదు. మంచిదే, అంత వేగంలో పిల్లలు స్వరం వదిలేసి అక్షరం పట్టుకుంటారు. సంగీతం క్లాసుకు ఎప్పుడూ వెళ్లని పిల్లలకు 'స' ఎక్కడుందో దొరకడానికే నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ డాన్సు మొదలుపెట్టకుండా ఆగడం సరైన పని. ముందు అడుగులు నేర్పి తర్వాత పాట కలిపితే, ఒళ్లు గుర్తుపెట్టుకున్నంతగా గొంతు గుర్తుపెట్టుకోదు.

నాటకం పంచతంత్రంలోని మిత్రలాభం, యాభై నిమిషాలు. నలభై మందికి ఇంతకంటే అనువైన కథ దొరకదు. పావురాల గుంపు ఉంది, ఎలుక, కాకి, తాబేలు, జింక ఉన్నాయి, బోయవాళ్లున్నారు, చెట్లుగా నిలబడేవాళ్లకు కూడా పాట పెట్టొచ్చు. పావురాలు వలతో సహా ఎగిరిపోయే ఘట్టం దగ్గర కాసేపు ఆగాలి, ఈ నాటకంలో కష్టమంతా అక్కడే ఉంది.

పద్నాలుగు మంది చిన్నపిల్లలు, కాళ్లకు మువ్వలు, మీద వల. వల ఫిషింగ్ హార్బరు దగ్గర కొన్న నైలాన్‌ది. మొదటి రోజు మువ్వలు వల కన్నుల్లో చిక్కుకుని ముగ్గురు పిల్లలు ఒకేసారి ఆగిపోయారు. కన్ను పెద్దదైన వల తెస్తే అడుగే లోపలికి దూరింది, అది ఇంకా ప్రమాదం. చివరికి తేలింది ఇది: వలను నడుము కంటే కిందకు జారనివ్వకుండా అంచు చుట్టూ పిడికిట్లో పట్టేంత లావు పత్తి తాడు కుట్టి, ప్రతి పిల్లా పట్టుకోవాల్సిన చోట రంగు గుడ్డ ముడి వేశారు. మువ్వలు తీసేసి చేతులకు గజ్జెలు కట్టారు. 'ఒకటి' అన్నప్పుడు పట్టు, 'రెండు' అన్నప్పుడు భుజం దాకా, 'మూడు' మీద తల పైకి. పాటలో ఆ మూడు దెబ్బల చోటా మాట లేకుండా హార్మోనియం మాత్రమే ఉంచారు. బరువెత్తుతూ పాడితే ఊపిరి బిగుసుకుని స్వరం తెగుతుంది కాబట్టి. వల పైకి వెళ్లాకే కోరస్ అందుకుంటుంది. ఆ ఒక్క నిమిషం చూస్తే నేర్పేవాళ్లకు పని తెలుసని అర్థమవుతుంది.

పెద్ద బ్యాచికి వేసిన తప్పెటగుళ్ల ఘట్టం కూడా బాగా కుదిరింది. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని ఎగురుతూ పాడటం ఉత్తరాంధ్ర సొంతం. ఒకరు అందిస్తే మిగతావాళ్లు వంత పాడతారు కాబట్టి ఊపిరి తీసుకోవడానికి ఖాళీ ఆ పద్ధతిలోనే ఉంది. సినిమా స్టెప్పులు వేస్తూ పాట మొత్తం పాడించాలని చూసే డాన్సు మాస్టార్లు ఇది గమనించాలి. ఒక్కటే ఇబ్బంది: హాలుది టైల్స్ నేల. గంటసేపు వట్టికాళ్లతో ఎగిరితే పిక్కలు, మడమలు పట్టేస్తాయి. రెండో వారంలో నలుగురు పెద్ద పిల్లలు కుంటుతూ కనిపించాక గానీ పలచని ఫోమ్ మ్యాట్లు రాలేదు. ఎగిరే పని ఉందని మొదటి రోజే తెలిసినప్పుడు మ్యాట్లూ మొదటి రోజే రావాలి.

భాష దగ్గర సగం మార్కులే. చిన్న బ్యాచికి పెద్ద అక్షరాల తెలుగులో స్క్రిప్టు ఇచ్చి, టీచరు చదివిన ఆడియో కూడా పంపారు. పెద్దవాళ్లకు మాత్రం వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు చదవడం కష్టమన్న మాట నిజమే. అయినా ఆ అక్షరాల్లో కలం, కాలం, కళం మూడూ ఒకేలా ఉంటాయి. ఒత్తులు ఎటో పోతాయి. 'వేళ' 'వేల' అయింది, 'బాణం' 'బానం' అయింది. రాగం పెట్టి పాడినప్పుడు ఆ తప్పు నాలుగింతలు పెద్దగా వినిపిస్తుంది. ఎలుక పాత్రకు ఉత్తరాంధ్ర యాస పెట్టడం మాత్రం చక్కటి ఆలోచన. "ఏటండీ, ఈ వలంతా నానొక్కడ్నే కొరకాలేటి?" అనగానే హాలంతా నవ్వింది. ఆ పిల్లాడికి యాస నేర్పక్కర్లేకపోయింది, ఇంట్లో మాటే.

ఇక వేదిక, సౌండు. శిబిరం బాగా దెబ్బతిన్నది ఇక్కడే.

రిహార్సల్ హాలు వెడల్పు 24 అడుగులు, ప్రదర్శన జరిగిన ఆడిటోరియం వేదిక 36. నేల మీద తెల్ల టేపుతో అసలు వేదిక కొలత గీసే వీలు లేదు, చోటే లేదు. కనీసం పక్కనున్న పార్కింగులోనో మేడ మీదో ఒక సాయంత్రం గీసి నడిపించాల్సింది. ఆడిటోరియం ప్రదర్శన రోజు మధ్యాహ్నం ఒక్కపూటే దొరికింది. దానిలో లైట్లు, మైకులకు రెండు గంటలు పోయి, పిల్లలకు మిగిలింది ఒక్క సారి. వింగులోంచి (వేదిక పక్క తెర చాటు నుంచి) మధ్యకు రావడానికి ఆరడుగులు ఎక్కువ నడవాలి కాబట్టి ప్రతి ప్రవేశమూ పాటలో ఒక వరుస ఆలస్యం. ఆడిటోరియం అద్దె ఎక్కువే, ఒప్పుకోవాలి. దుస్తుల మెరుపులకు పెట్టిన డబ్బులో కొంత ఇంకో పూట అద్దెకు పెట్టినా సరిపోయేది.

వెనక వరస పిల్లలు తాళం జారడం చూసి చాలామంది తల్లిదండ్రులు ప్రాక్టీసు చాల్లేదనుకున్నారు. పిల్లల తప్పు లేదు. స్పీకర్లన్నీ జనం వైపు తిరిగి ఉన్నాయి, వేదిక మీదకు ఒక్కటీ లేదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. హాలు వెనక గోడ 25 మీటర్ల దూరంలో ఉంటే తగిలి తిరిగి వచ్చేసరికి సెకనులో దాదాపు ఏడో వంతు గడిచిపోతుంది. ద్రుతంలో, అంటే వేగంగా సాగే పాటలో, అది పావు దెబ్బ కంటే ఎక్కువ. వెనక ఉన్నవాళ్లు ఆ తిరిగొచ్చిన శబ్దాన్ని పట్టుకుని పాడారు, ముందున్నవాళ్లు హార్మోనియాన్ని నేరుగా విన్నారు. వింగులో ఒక చిన్న స్పీకరు లోపలి వైపు తిప్పి పెడితే, అదీ లేకపోతే డోలక్‌ను వేదిక పక్కన పిల్లలకు కనిపించేలా కూర్చోబెడితే ఈ గొడవ ఉండదు.

కాలర్ మైకులు నాలుగు తెచ్చారు. మే నెల విశాఖ ఉక్కపోతలో పాలిస్టర్ రెక్కల కింద చెమట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కాకి మైకు రెండో పాటకల్లా గరగరమని, తర్వాత మూగబోయింది. ఛాతీ మీద మైకుకు దుస్తుల రాపిడి కూడా తోడవుతుంది. పైగా తల తిప్పినప్పుడల్లా మాట తగ్గిపోతుంది. చెవికి తగిలించి చెంప మీద ఆసుపత్రి పేపర్ టేపుతో అంటించే రకమైతే చెమట అంతగా చేరదు. అంటించే ముందు చెంపను తుడిచి, పౌడరు టేపు మీదుగా రాయాలి. పౌడరు ముందు రాస్తే టేపు పది నిమిషాల్లో ఊడొస్తుంది. బ్యాటరీలు ప్రదర్శనకు ముందు కొత్తవి వేయాలి, రిహార్సల్‌లో వాడినవాటితో నడిపించకూడదు.

తాబేలు డిప్ప గురించి కూడా చెప్పాలి. వెదురు బుట్ట బోర్లించి ఛాతీకి అడ్డంగా పట్టీ కట్టారు. ఆ పట్టీ బిగుతుకు ఊపిరి నిండా తీసుకోలేక ఆ పాప ప్రతి వాక్యం చివరా రెండక్షరాలు మింగేసింది. డ్రెస్ రిహార్సల్ ముందు రోజు ఎవరో గమనించి స్కూలు సంచీలా భుజాల మీద రెండు పట్టీలు వేయడంతో పాట తిరిగొచ్చింది. పాడే పిల్లల దుస్తులు కనీసం వారం ముందు తొడిగి పాడించి చూడాలనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ముగింపులో అందరూ కలిసి ఒక సినిమా పాట పాడారు. ఆ వీడియో యూట్యూబ్‌లో పెట్టిన తల్లిదండ్రులకు వెంటనే కాపీరైటు క్లెయిము వచ్చింది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో ఒక మినహాయింపు ఉంది, అది విద్యాసంస్థ తన పనుల్లో భాగంగా విద్యార్థులతో వేసే ప్రదర్శనకు. డబ్బు తీసుకుని, టికెట్టు పెట్టి నడిపే ప్రైవేటు శిబిరం దాని వెనక దాక్కోలేదు. నాటకం మొత్తం సొంత వరసలు, జానపదాలతో నడిపినవాళ్లకు చివర్లో ఆ పాట ఎందుకో అర్థం కాలేదు.

మిగతావి బాగానే ఉన్నాయి. డాన్సు ఉదయమే పెట్టి, ఎండ ముదిరాక మాటలు, పాటలు చేయించారు. పదకొండింటికి ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చారు. పిల్లలను తీసుకెళ్లడానికి ఫోటో కార్డు చూపించాలి, ఆటోవాలాకైనా తాతగారికైనా మినహాయింపు లేదు. బట్టలు మార్చుకునే గదుల దగ్గర అమ్మాయిలకు మహిళా సహాయకురాలు ఉన్నారు. ఒకటే బాత్రూము, 42 మందికి అది చాలదు.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకైతే ఈ ఫీజుకు తగ్గ శిబిరమే. ఏడేళ్లవాళ్లకు నాలుగు గంటలు ఎక్కువ, మూడో గంటకు వాళ్లు పావురాలుగా మిగలరు. పదిహేను దాటి ఇప్పటికే సంగీతం నేర్చుకుంటున్నవాళ్లకు చివరి వారంలో కొత్తగా దొరికేది తక్కువ, వాళ్లకు దర్శకత్వంలోనో సౌండులోనో పని ఇస్తే బాగుండేది. చేర్పించాలనుకుంటే డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి: పాట లైవా, ట్రాకా? ఆడిటోరియంలో రిహార్సల్ ఎన్ని పూటలు? రెండోదానికి 'ఒక్కటే' అని జవాబొస్తే దుస్తుల ఫీజు గురించి బేరమాడండి.