ముందు ఎవరి దగ్గరికి: ఇంట్లో ఉన్న అన్న దగ్గరికా, కౌన్సిలర్ దగ్గరికా?

అమెరికా యూనివర్సిటీల్లో ఫ్రాటర్నిటీ (మగ విద్యార్థుల సంఘం) ఇల్లంటే పదుల మంది కుర్రాళ్లు ఒకే కప్పు కింద బతికే చోటు. అక్కడ ఎవరికైనా ఒంటరితనం ఏముంటుందని మనకనిపిస్తుంది. కానీ శనివారం పార్టీలో అందరికంటే గట్టిగా నవ్విన కుర్రాడు వారం రోజులుగా క్లాసుకే పోవడం లేదన్న సంగతి పక్క గదిలో వాడికి కూడా తెలియకపోవచ్చు. ఆ దేశంలో ఆత్మహత్యతో పోతున్న ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు మగవాళ్లే. మన పిల్లలు కూడా ఈ ఇళ్లలో ఉంటున్నారు. 1998లో ఆస్టిన్‌లో మొదలైన డెల్టా ఎప్సిలాన్ సై, 1999లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన బీటా కై థీటా దక్షిణాసియా కుటుంబాల కుర్రాళ్లు పెట్టుకున్న ఫ్రాటర్నిటీలే.

ఏ చాప్టర్ (ఒక్కో యూనివర్సిటీలో ఉండే ఫ్రాటర్నిటీ శాఖ) దగ్గరా డబ్బూ సమయమూ బోలెడన్ని ఉండవు. కుర్రాళ్ల మానసిక ఆరోగ్యం కోసం ఉన్న కాస్తా దేనిమీద పెట్టాలి? సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి: ఏడాదికోసారి వక్తను పిలిచి సభ పెట్టడం, కుర్రాళ్లను క్యాంపస్ కౌన్సిలింగ్ సెంటర్‌కి పంపడం, ఇంట్లోనే కొందరికి శిక్షణ ఇప్పించడం.

సభ గురించి ఎక్కువ చెప్పను. ఆ సాయంత్రం అందరి కళ్లూ చెమ్మగిల్లుతాయి, మర్నాడు అందరూ యథాప్రకారం ఉంటారు. అది మొదటి అడుగైతే మంచిదే, అక్కడితో సరిపెట్టుకుంటేనే దండగ.

కౌన్సిలింగ్ సెంటర్ అసలైన వైద్యం దొరికే చోటు. డిప్రెషన్‌నీ, తాగుడు అలవాటునీ, నిద్ర పట్టకపోవడాన్నీ విడివిడిగా గుర్తుపట్టడానికి చదువుకున్నవాళ్లు కావాలి. చాలా యూనివర్సిటీల్లో దీనికి వేరే ఫీజు కట్టక్కర్లేదు. మన ఇళ్లలోంచి వచ్చిన కుర్రాడికి ఇంకో పెద్ద మేలుంది: గోప్యత. పద్దెనిమిదేళ్లు నిండినవాడు లోపల ఏం చెప్పుకున్నాడన్నది, ప్రాణానికి ముప్పుంటే తప్ప, కౌన్సిలర్ ఇంటికి చెప్పరు. బయట థెరపిస్టు సంగతి వేరు. 26 ఏళ్ల దాకా పిల్లలు తల్లిదండ్రుల ఇన్సూరెన్స్‌లోనే ఉండొచ్చు కాబట్టి, ఆ బిల్లు వివరాల ఉత్తరం నాన్న పేరుమీద ఇంటికే రావచ్చు. "నాన్నకు తెలిస్తే చదువు మాన్పించి రమ్మంటాడు" అన్న భయంతో ఆగిపోయే పిల్లలకు ఈ తేడా ముందే చెప్పాలి.

అయితే ఈ దారికి రెండు చిక్కులు. పరీక్షల ముందు అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఆగాల్సి రావచ్చు. రెండోది అంతకంటే పెద్దది: అవసరమున్న కుర్రాడు అసలు వెళ్లడు. బాగాలేదని తనంతట తాను ఒప్పుకుని, ఫోన్ చేసి, ఒంటరిగా ఆ మెట్లెక్కాలి. బాగాలేనివాడికి చేతకానిది సరిగ్గా అదే.

అందుకే మూడో దారి మీద నాకు గురి ఎక్కువ. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఫ్రాటర్నిటీ ఒక సీనియర్‌ని ‘బిగ్ బ్రదర్’గా కట్టబెడుతుంది. అంటే పేరుకైనా ఒక అన్న ఉన్నాడు. ప్లేటు ముట్టకుండా లేచిపోవడం, గది తలుపు మూసే ఉండడం, రోజూ తాగడం లాంటివి ముందుగా కనిపించేది వాడికే. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్లను గుర్తుపట్టి సాయం దాకా చేర్చడం నేర్పే క్యూపీఆర్ అనే శిక్షణ గంట, గంటన్నరలో అయిపోతుంది. అందులో నేర్పే ముఖ్యమైన పని, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడం. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్లు జంకుతారు. అది నిజం కాదని పరిశోధనలు తేల్చాయి. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది.

ఇక్కడా ప్రమాదం లేకపోలేదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఇంకో పంతొమ్మిదేళ్ల కుర్రాడి ప్రాణాన్ని రాత్రంతా ఒక్కడే మోస్తే వాడూ కుంగిపోతాడు. "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నా, ప్రాణం మీదికొస్తే ఆ ఒట్టు చెల్లదని ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి. అర్ధరాత్రయితే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. 2022 జూలై నుంచి ఆ నంబరు దేశమంతటా రాత్రీపగలూ పనిచేస్తోంది.

ఇంకో సంగతి. కొత్తవాళ్లను ‘హేజింగ్’ పేరుతో, అంటే మన ర్యాగింగే, ఏడిపించే ఇంట్లో ఈ శిక్షణలేవీ అక్కరకు రావు. నిన్న బలవంతంగా తాగించినవాడి దగ్గర ఇవాళ ఎవడు మనసు విప్పుతాడు? 2014లో సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ అనే పెద్ద ఫ్రాటర్నిటీ ‘ప్లెడ్జ్’ దశనే, అంటే పూర్తి సభ్యత్వం ఇచ్చే ముందు కొత్తవాళ్లను పరీక్షగా ఉంచే కాలాన్నే, ఎత్తేసింది. మిగతా ఇళ్లు కూడా ముందు ఆ పని చేయాలి.

కాబట్టి నన్నడిగితే, సభకు పెట్టే డబ్బుతో బిగ్ బ్రదర్‌లందరికీ శిక్షణ ఇప్పించండి. వాళ్లకు ఒక్క పనే అప్పగించండి: తమ్ముడికి కౌన్సిలింగ్ సెంటర్ నంబరు ఇచ్చి ఊరుకోకుండా, పక్కన కూర్చుని అపాయింట్‌మెంట్ పెట్టించి, ఆ రోజు తలుపు దాకా తోడు వెళ్లి, వాడు బయటికొచ్చేదాకా అక్కడే కూర్చోమనండి.