తేనెటీగల హోటల్: వెర్నియర్ పెట్టి చూశాక

ధర 1,499 రూపాయలు. కొన్నది మా అమ్మాయి, నా పుట్టినరోజుకి. ఆన్‌లైన్‌లో 'బీ హోటల్' అని కొడితే మొదట్లోనే కనిపించే రకమే. ఇంటికప్పులా వాలుగా రెండు చెక్కలు, వాటి కింద నాలుగు అరలు. పై అరలో జాలీ వెనక పైన్ కాయలు. దాని కింద ఎర్ర రంగు పలక, అందులో నిలువుగా మూడు సన్నటి చీలికలు. ఒక పక్క రంధ్రాలు తొలిచిన చెక్కదిమ్మ, ఇంకో పక్క కోసి పేర్చిన వెదురు ముక్కలు. కాంబో ఆఫర్ కింద పసుపు జిగురు అట్టలు ఒక ప్యాకెట్ ఉచితం. ఇదే డబ్బాని మూడు నాలుగు పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి బ్రాండ్ పేరుతో పని లేదు.

నేను బెంగళూరు పీణ్యలో ఒక మెషిన్ షాపులో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. సొంతూరు హిందూపురం, ఉండేది దాసరహళ్లిలో. టెర్రస్ మీద కుండీల్లో టమాటా, వంగ, కరివేపాకు, నిమ్మ, మా ఆవిడ గులాబీలు ఉన్నాయి. ఇంటికి ఏ వస్తువొచ్చినా ముందు వెర్నియర్‌తో కొలిచి చూడటం నాకున్న రోగం. ఈ రివ్యూ కూడా అలాగే ఉంటుంది, ఓపిక పట్టాలి.

ముందు ఇది ఎవరి కోసమో చెప్పాలి. తేనె కోసం కాదు. పట్టు పెట్టే తేనెటీగలు ఇందులోకి రావు. మన చుట్టూ ఒంటరిగా బతికే తేనెటీగలు బోలెడు రకాలున్నాయి. వాటికి రాణి లేదు, కూలీలు లేరు, పట్టు లేదు. ఒక్కో ఆడ ఈగ తనకో సన్నటి బొక్క వెతుక్కుంటుంది. పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, అడ్డుగోడ కడుతుంది. మళ్లీ ముద్ద, గుడ్డు, గోడ. బొక్క నిండాక మూతి మూసేసి వెళ్లిపోతుంది. ఎండు కొమ్మలు, పాత వాసాలు, పుచ్చిన మానులు ఉన్నచోట వీటికి ఏ హోటలూ అక్కర్లేదు. మా వీధిలో అవేవీ మిగల్లేదు, అందుకే ఇలాంటి డబ్బాకి గిరాకీ.

ఇక కొలతలు. వెదురు ముక్కల లోపలి వ్యాసం 4 మి.మీ. నుంచి 17 మి.మీ. దాకా ఉంది. ఈ ఈగలకి పనికొచ్చేవి సుమారు 2 నుంచి 10 మి.మీ. మధ్యవి. నా డబ్బాలో సగానికి పైగా 12 దాటాయి. లావు వెదురైతే అర త్వరగా నిండుతుంది కదా, చేసేవాడికి పని తక్కువ. కోసిన చోట పీచు అలాగే వదిలేశారు. ఈగ దూరేటప్పుడు ఆ పీచుకి రెక్క తగిలితే చిరుగుతుంది. మా షాపులో బర్ (కోసిన అంచున మిగిలే పీచు) తీయని పీసు నా టేబుల్ దాకా వచ్చేదే కాదు.

అంతకంటే పెద్ద లోపం లోతు. ముక్క పొడవు 7 సెం.మీ., పైగా రెండు వైపులా తెరిచే ఉంది. వెనక పలకకీ వెదురుకీ మధ్య వేలు దూరేంత సందు. వెనక మూసి లేని గొట్టాన్ని ఇవి సాధారణంగా ఒప్పుకోవు. లోతు ఎందుకు ముఖ్యమో తెలిశాక నాకు డబ్బా మీద కోపం ఇంకా పెరిగింది. తేనెటీగల్లో తల్లి గుడ్డుకి బీజం కలిపితే ఆడపిల్ల, కలపకపోతే మగపిల్ల. గొట్టాల్లో కాపురం పెట్టే ఈగలు ఆడ గుడ్లు లోపలి కొసన పెడతాయి, మగ గుడ్లు మూతి దగ్గర పెడతాయి. మగవే ముందు బయటికొస్తాయి కాబట్టి ఆ వరస. గొట్టం పొట్టిదైతే మగపిల్లల వాటా పెరుగుతుంది. మగ ఈగ గూడు కట్టదు, పిల్లల కోసం పుప్పొడి మోయదు. అందుకే 15 సెం.మీ. దాకా లోతు ఉండాలంటారు. ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడిగితే "సార్, అది డెకరేషన్ ఐటెం కదా" అన్నాడు కుర్రాడు. కంపెనీ మొత్తంలో నిజం చెప్పింది అతనొక్కడే.

పైన్ కాయల అరలో బొద్దింకలు చేరాయి. ఎర్ర పలక సీతాకోకచిలుకల గది అట. చీలికల్లో దూరి పడుకునే సీతాకోకచిలుకని నేనైతే చూడలేదు, సాలీడు మాత్రం సుఖంగా ఉంది. సీతాకోకచిలుకలు కావాలంటే గది కాదు, వాటి పిల్లలకి తిండి పెట్టాలి. కరివేపాకు మీద, నిమ్మ మీద లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ గుడ్లు పెడతాయి. పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దదయ్యాక పచ్చగా మారుతుంది. కదిలిస్తే తల వెనక నుంచి రెండు పాయల కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. జిల్లేడు మీదైతే ప్లెయిన్ టైగర్. మా ఆవిడ కరివేపాకు మొక్కలు రెండు చేసింది, ఒకటి పోపుకి, ఇంకొకటి వాటికి. ఒప్పందాన్ని ఇటువైపు మాత్రమే పాటిస్తున్నాం, అటువైపు నుంచి అతిక్రమణలు ఉన్నాయి.

డబ్బాతో వచ్చిన కరపత్రం వేరే ముచ్చట. చలికాలంలో గూళ్లు తీసి ఫ్రిజ్‌లో పెట్టమంది. మంచు పడే దేశాల్లో మేసన్ తేనెటీగలు (మట్టితో అడ్డుగోడలు కట్టే రకం) చలికాలమంతా గూట్లోనే ఉండి వసంతంలో బయటికొస్తాయి. వాటి కోసం అక్కడివాళ్లు పాటించే పద్ధతి అది. కరపత్రం మీద బొమ్మ కూడా యూరప్ ఈగదే. బెంగళూరులో జనవరిలోనూ పువ్వులుంటాయి, ఈగలుంటాయి. ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ "దోసెల పిండి పక్కన ఈగల్ని పెట్టారంటే ముందు మిమ్మల్ని బయట పెడతాను" అంది.

డబ్బాని వాపసు పంపలేదు, విప్పేశాను. బ్యాంబూ బజార్‌కి వెళ్లి సన్న వెదురు తెచ్చాను. ప్రతి ముక్కకీ వెనక కొసన కణుపు వచ్చేలా 15 సెం.మీ. చొప్పున కోశాను. కణుపే వెనక గోడ. మూతికి ఎమరీ పేపర్ పట్టించాను. కొన్ని గొట్టాలు కాగితంతో చేశాను: పెన్సిల్ చుట్టూ కాగితం నాలుగైదు చుట్లు చుట్టి జిగురు రాసి, ఒక కొస మడిచి మూస్తే సుమారు 7 మి.మీ. గొట్టం తయారు. ఇవన్నీ నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కలో బిగించి, వెనక ఎండ్ క్యాప్ వేశాను. పైపు ముందుకి కొంచెం ఎక్కువ పొడుగు వదిలితే జల్లు లోపలికి కొట్టదు. కొన్న డబ్బాలో కప్పు ఒక్కటే బాగుంది, అది తీసి పైపు మీద బిగించాను. తూర్పు గోడకి, ఛాతీ ఎత్తులో, క్లాంపులతో కదలకుండా. గాలికి ఊగేదాన్ని ఈగలు ఇష్టపడవు. చీమలు ఎక్కకుండా క్లాంపు చుట్టూ గ్రీజు.

దుకాణాల డబ్బాల్లో గొట్టాలకి జిగురు పెట్టేస్తారు. అది కూడా తప్పే. పిల్లలు బయటికి వెళ్లిపోయాక పాత గొట్టాలు తీసి కొత్తవి పెట్టాలి, లేకపోతే కంటికి ఆననంత చిన్న నల్లులు (మైట్స్), బూజు పేరుకుని వచ్చే తరాన్ని తినేస్తాయి. కొనేముందు ఒక గొట్టం పట్టుకుని లాగి చూడండి. ఊడి వస్తేనే కొనండి.

మొదట అద్దెకి దిగింది ఆకు కోసే తేనెటీగ. అంతకుముందు గులాబీ ఆకుల అంచున పంచ్ మెషిన్‌తో కొట్టినట్టు గుండ్రటి కోతలు కనిపించేవి, మా ఆవిడ ఏదో తెగులని మందు గురించి వాకబు చేస్తుండేది. ఒక పొద్దున ఈగ పచ్చటి ఆకు ముక్కని చుట్టి కాళ్ల మధ్య పట్టుకుని పైపులోకి దూరింది. ఆకులతో సంచి కుట్టుకుని అందులో గుడ్డు పెడుతుంది. ఇది పుప్పొడిని కాళ్లకి కాదు, పొట్ట కింద వెంట్రుకలకి అంటించుకుని మోస్తుంది. పొట్ట కింద పసుపుగా ఉంటే ఈ జాతి అని అనుమానించొచ్చు. ఆకు కోతల వల్ల గులాబీకి పెద్ద నష్టం లేదు.

పేర్లు పట్టడానికి నేను వాడింది ఐనాచురలిస్ట్ యాప్. దీనికి మాత్రం మనసారా అయిదు నక్షత్రాలు. 2008లో కాలిఫోర్నియాలో బర్క్‌లీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, 2023 నుంచి లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థగా నడుస్తోంది. ఫొటో ఎక్కిస్తే యాప్ కొన్ని పేర్లు సూచిస్తుంది, తర్వాత తెలిసిన మనుషులు చూసి సరిచేస్తారు. నా ఆకు కోసే ఈగకి 'మెగాకైలీ' అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దగ్గరే ఆగిపోయారు, ఫొటోతో అంతకంటే తేల్చలేమని. తెలియనిది తెలియదని రాసిపెట్టే ఇన్‌స్పెక్షన్ రిపోర్టు అంటే నాకు గౌరవం. ఫొటో ఒకటి పైనుంచి, ఒకటి పక్కనుంచి, కుదిరితే ముఖం కూడా తీయండి. ఇంటి లొకేషన్ అందరికీ కనిపించకుండా మసకబార్చే సెట్టింగు ఉంది, అది పెట్టుకోండి. ఖాతా తెరవడం ఇష్టం లేనివాళ్లకీ పిల్లలకీ అదే సంస్థ సీక్ అనే యాప్ ఇస్తుంది, కెమెరా చూపిస్తే చాలు.

కొన్ని గొట్టాల మూతులు ఆకుతో కాక మట్టితో మూసి ఉన్నాయి. అవి కందిరీగలవి. పచ్చటి గొంగళిపురుగులని కుట్టి, చంపకుండా కదలకుండా చేసి, పిల్లలకి నిల్వ తిండిగా లోపల పేరుస్తాయి. నా టమాటా ఆకులు తినే పురుగులు అలా ఎత్తుకుపోతుంటే నాకేం అభ్యంతరం? ఒకరోజు తోక సూదిగా ఉన్న నల్ల ఈగ ఒకటి పైపు ముందు కాపు కాసింది. యాప్ దాన్ని 'సీలియాక్సిస్' అంది. అది సొంతంగా గూడు కట్టదు, కాకి గూట్లో కోకిలలా ఆకు కోసే ఈగ గూట్లో గుడ్డు పెట్టిపోతుంది. తోలేయాలా వద్దా అని మా ఆవిడ అడిగింది. అద్దె వసూలు మన పని కాదన్నాను.

ఇంత చేసినా, నా టమాటాకి అసలు ఉపకారం చేసే ఈగ ఈ హోటల్లో దిగదు. పొట్ట మీద నీలి చారలుండే తేనెటీగ, అమెగిల్లా. టమాటా, వంగ పువ్వుల్లో పుప్పొడి సన్నటి గొట్టాల్లో ఉంటుంది. ఈ ఈగ పువ్వుని పట్టుకుని ఒళ్లు జలదరించినట్టు ఝుమ్మని అదిరిస్తే అది రాలుతుంది. పట్టు తేనెటీగలకి ఆ విద్య రాదు. ఇది నేలలో, మట్టిగోడల్లో బొరియ చేసుకుంటుంది. సాయంత్రం చూస్తే మగవి సన్నటి కాడని నోటితో కరిచి పట్టుకుని వరసగా నిద్రపోతుంటాయి. దీని కోసం కావాల్సింది కప్పని, తవ్వని కాస్త గట్టి మట్టి. కింద ప్రహరీ పక్కన టైల్స్ వేయకుండా మిగిలిన మూర వెడల్పు జాగాని అలాగే ఉంచమని ఇంటి ఓనర్‌ని ఒప్పించడానికి నాకు ఈ పైపు చేయడం కంటే ఎక్కువ శ్రమైంది.

ఉచితంగా వచ్చిన పసుపు అట్టల సంగతి. తెల్లదోమకి మంచివే, కానీ ఆరుబయట పెడితే పిల్లదశలో పేనుబంకని తినే సిర్ఫిడ్ ఈగలూ, పురుగుల మీద బతికే బుల్లి కందిరీగలూ వాటికే అంటుకుంటాయి. తేనెటీగలకి హోటల్, పక్కనే జిగురు అట్ట, రెండూ ఒకే ప్యాకెట్‌లో ఇచ్చినవాళ్ల తెలివికి దండం. కింది వాటాకి బొద్దింకల మందు కొట్టడానికొచ్చిన పెస్ట్ కంట్రోల్ మనిషి టెర్రస్ కూడా ఫ్రీగా కొడతానన్నాడు. అతని చేతిలోది పైరెత్రాయిడ్ మందు, తేనెటీగ మీద పడితే అంతే. టీ ఇచ్చి పంపించాం.

ఎదురింటి పెద్దావిడ మేం తేనెపట్టు పెంచుతున్నామని, పిల్లల్ని కుడతాయని టెన్షన్ పడ్డారు. అపార్ట్‌మెంట్ల గోడలకి వేలాడే పెద్ద పట్టు తేనెటీగల గుంపుకి దూరంగా ఉండాల్సిందే. ఇవి అలా కాదు. కాపాడుకోవడానికి గుంపూ తేనే లేవు కాబట్టి మీద పడవు, చేత్తో నలిపితే తప్ప కుట్టవు. పైపు పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆకు ముక్క మోసుకుని ఒకటి లోపలికి వెళ్లడం చూశాక ఆవిడ వాళ్లింటికీ ఒకటి కావాలన్నారు.

డబ్బాకి ఒక నక్షత్రం, అదీ కప్పుకి. నా పైపుకి వెదురు, క్లాంపులు, ఎండ్ క్యాప్ అన్నీ కలిపి 300 రూపాయలు దాటలేదు. ఎదురింటి బాల్కనీ పడమటి ముఖం, మధ్యాహ్నం ఎండ నేరుగా కొడుతుంది. అక్కడ పీవీసీ వేడెక్కుతుంది కాబట్టి ఆవిడకి చెక్కతో చేస్తున్నాను, 6, 8 మి.మీ. డ్రిల్ బిట్లతో.