మూడు కిలోవాట్ల డాబా సోలార్: నల్గొండ ఎండకూ బోరు నీళ్లకూ ఆగుతుందా?

నెలకు 200 యూనిట్లు దాటే ఇంటికి సబ్సిడీ మీద వచ్చే 3 కిలోవాట్ల సోలార్ కచ్చితంగా పెట్టించదగ్గదే. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే తెలంగాణ పథకం గృహజ్యోతిలో జీరో బిల్లు వస్తున్న ఇంటికి మాత్రం తొందరేం లేదు, మిగిలే బిల్లే లేదు కదా.

540 వాట్ల ప్లేట్లు ఆరు, వాటి కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే ఇన్వర్టరు, గ్రిడ్‌కు పంపిందీ తీసుకున్నదీ లెక్కగట్టే నెట్ మీటరు, డాబా మీద నీడ పడని 300 చదరపు అడుగుల జాగా. ఇంతే కావాల్సింది. కేంద్రం సబ్సిడీ పథకం పీఎం సూర్యఘర్ కింద మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు వస్తాయి. ప్లేట్లు దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ రకమే కావాలి, లేకుంటే రూపాయి రాదు.

రాబడి నెలకు 300 యూనిట్ల పైమాటే. మే ఎండలకు ఇంకా పెరుగుతుందనుకుంటారు గానీ, ప్లేటు వేడి 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి దాదాపు 0.35 శాతం తగ్గుతుంది. 65 డిగ్రీలకు చేరిందంటే 14 శాతం పోయినట్టే. అందుకే స్టాండు ఎత్తుగా కట్టించి కింద గాలి ఆడనివ్వాలి.

అసలు శత్రువు దుమ్ము. మిర్యాలగూడ మిల్లుల పక్కన పొట్టు బూడిద, క్వారీల పక్కన రాతిపొడి. బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే ఉప్పు ఆరిపోయి, ప్లేటు కింది అంచున తెల్లటి చారలా గట్టిపడుతుంది. దాన్ని గోకితే గ్లాసు మీది పూత లేచిపోతుంది. వాన నీళ్లు మేలు. బోరు నీళ్లే గతైతే వెంటనే మెత్తటి బట్టతో తుడవాలి. అదీ తెల్లారకముందే, కాలిన గ్లాసు మీద చన్నీళ్లు పడితే పగలొచ్చు.

జీడీపీలో ప్రతి రూపాయికీ వెలువడే ఉద్గారాలను 2005తో పోలిస్తే 2030కల్లా 45 శాతం తగ్గిస్తామని, 2070కల్లా నెట్ జీరోకు, అంటే వదిలినంత కార్బన్‌ను తిరిగి పీల్చేసే స్థితికి చేరతామని దేశం మాటిచ్చింది. 2025లో కరెంటు తయారీ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజ ఇంధనాలతో పనిలేనిదైంది. అయినా తయారయ్యే కరెంటులో పెద్ద వాటా ఇంకా బొగ్గుదే. మన దామరచర్లలోనే 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటుంది. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన, ఈ ఆరు ప్లేట్లు ఏటా రెండున్నర టన్నులు ఆపుతాయి. చిన్న మాటేం కాదు.

లోటు ఒకటుంది. కరెంటు పోతే, ప్లేట్ల కరెంటు లైన్లోకి వెళ్లి లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టరూ ఆగిపోతుంది. పగటి కోతలున్న ఊళ్లో బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ రకం తీసుకోవాలి, ఖర్చు బాగా పెరుగుతుంది.

ఎర్తింగ్ గుంతలు మూడు: ప్లేట్లకు, ఇన్వర్టరుకు, పిడుగు కడ్డీకి వేర్వేరుగా. మూడు తీగలూ ఒకే గుంతలో దించేస్తే ఆఖరి వాయిదా డబ్బు ఇవ్వకండి.