గ్రామీణ కౌశల్య యోజన ఉచిత శిక్షణ: కేంద్రంలో బాగుంది, కొలువులో చేరాకే కష్టం

కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2014 సెప్టెంబరు 25న ప్రారంభించిన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద హైదరాబాద్ శివార్లలో ఒక సంస్థ నడుపుతున్న శిక్షణ కేంద్రంలో మా అక్క కూతురు రిటైల్ సేల్స్ కోర్సు పూర్తి చేసింది. ఇప్పుడు నగరంలోనే ఒక సూపర్ మార్కెట్‌లో పనిచేస్తోంది. నగరంలో తనకు సంరక్షకురాలిని నేనే కాబట్టి, దగ్గరుండి చూసిన విషయాలను, పిల్లలను ఇలాంటి చోటుకు పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. శిక్షణకు ఐదింటికి నాలుగు మార్కులు నిస్సంకోచంగా ఇస్తాను. ఉద్యోగంలో చేరిన తర్వాత అందిన సాయానికి మాత్రం రెండుకు మించి ఇవ్వలేను.

ఈ పథకం పల్లెల్లోని పేద కుటుంబాల యువత కోసం ఉద్దేశించినది. వయసు 15 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి. మహిళలకు, దివ్యాంగులకు 45 ఏళ్ల వరకు సడలింపు ఉంది. ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరిస్తాయి. చదువు, భోజనం, హాస్టల్, యూనిఫాం, పుస్తకాలు అన్నీ ఉచితం. మా అక్కకు ఈ సంగతి నాగర్‌కర్నూల్ జిల్లాలోని వాళ్ల ఊళ్లో మహిళా సంఘం సమావేశంలో తెలిసింది. చేరేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, ఇంటర్ మెమో, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు అడిగారే తప్ప ఏ దశలోనూ ఎవరూ ఒక్క రూపాయి అడగలేదు. అమీర్‌పేటలో కోచింగ్ ఫీజుకే అప్పు చేయాల్సి వచ్చే కుటుంబాలకు ఇదెంత పెద్ద ఊరటో విడిగా చెప్పనక్కరలేదు.

హాస్టల్ శుభ్రంగా ఉంది, భోజనం ఫరవాలేదు. హాజరు వేలిముద్రతో నమోదయ్యేది కాబట్టి పిల్లలు తరగతి ఎగ్గొట్టే అవకాశం గానీ, టీచర్లు రాకుండా వచ్చినట్టు రాసుకునే అవకాశం గానీ పెద్దగా లేదు.

నన్ను ఎక్కువగా మెప్పించింది బోధన. ఒక ఆదివారం తనను చూడటానికి వెళ్లినప్పుడు, తరగతి గదిలోనే బిల్లింగ్ కౌంటర్ లాంటి బల్ల వేసి సాధన చేయిస్తున్నారు. పప్పు ప్యాకెట్ మీది బార్‌కోడ్ స్కాన్ కావడం లేదు, టీచరమ్మ విసుక్కునే కొనుగోలుదారుగా నటిస్తూ "క్యా అమ్మా, కిత్నీ దేర్?" (ఏంటమ్మా, ఎంతసేపు?) అని గద్దిస్తోంది, కౌంటర్‌లో ఉన్న అమ్మాయి కంగారు పడకుండా కోడ్ అంకెలను చేత్తో కొట్టాలి, ఎదుటివారికి మర్యాదగా జవాబివ్వాలి, వెనుక వరుసలో నిలబడ్డవారిని ఒక్క మాటతో సముదాయించాలి. ఆ సాధనను మా పిల్ల చేతనే పదే పదే చేయించారు. పాఠ్యప్రణాళికలో ఇంగ్లిషుకు, కంప్యూటర్‌కు గంటలు కేటాయించారు గానీ, పాలమూరు పల్లెల నుంచి వచ్చే పిల్లలకు హైదరాబాద్ కౌంటర్‌లో అసలు భయం హిందీ అంటేనే. ఆ టీచరమ్మ దాన్ని గుర్తించి, సాయంత్రాలు తన సొంత సమయంలో కూర్చోబెట్టి మన నగరంలో మాట్లాడే హిందీని నేర్పింది. ఏ మార్గదర్శకాల్లోనూ లేని ఆ శ్రద్ధే మా అమ్మాయిని ఈ రోజు ఉద్యోగంలో నిలబెట్టిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక అసలు సమస్యకు వస్తాను. ఈ పథకంలో శిక్షణ సంస్థకు డబ్బు విడతలుగా వస్తుంది. శిక్షణ పొందినవారు కనీసం మూడు నెలలు ఉద్యోగంలో ఉన్నట్టు జీతం ఆధారాలు చూపిస్తేనే ఆ నియామకం లెక్కలోకి వస్తుంది. ఈ షరతు మంచిదే, కాగితాల మీద ఉద్యోగాలు చూపించకుండా అది కట్టడి చేస్తుంది. అయితే దాని ప్రభావం మరోలా కూడా ఉంటుందని మాకు అనుభవంలో తెలిసింది. మూడో నెల పేస్లిప్ వాట్సాప్‌లో పంపే వరకు ప్లేస్‌మెంట్ చూసే అతను రోజూ ఫోన్ చేసేవాడు. అది అందిన తర్వాత మా ఫోన్ ఎత్తడమే మానేశాడు. పిల్లకు వారానికో సెలవు ఇవ్వడం లేదని, రాత్రి పొద్దుపోయాక షిఫ్టు ముగిస్తే తను ఉంటున్న లేడీస్ హాస్టల్‌కు ఎలా చేరాలని అడగడానికి మాకు దిక్కు లేకపోయింది. ఉద్యోగంలో చేరినవారి బాగోగులను ఆ తర్వాత కూడా గమనిస్తూ ఉండాలని పథకమే చెబుతోంది. మా కేంద్రంలో ఆ పని జరగలేదు.

డబ్బు విషయంలో మరింత ఇబ్బంది పడ్డాం. ఆఫర్ లెటర్‌లో రాసే మొత్తం వేరు, చేతికి వచ్చేది వేరు అన్న సంగతిని తరగతిలో ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఉదాహరణకు నెల వేతనం 12,000 రూపాయలు అనుకుంటే, ఆ మొత్తం మీద పీఎఫ్ 12 శాతం అంటే 1,440, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 90 పోగా చేతికి వచ్చేది 10,470. అదే వేతనానికి యజమాని కట్టే పీఎఫ్, ఈఎస్ఐ వాటాలు కలిపి ఆఫర్ లెటర్‌లో దాదాపు 13,800 అని రాస్తారు. ఆ పెద్ద అంకెను ఊళ్లో చెప్పుకున్న పిల్ల మొదటి జీతం చూసి "చిన్నమ్మా, నన్ను మోసం చేసిన్రా?" అని ఏడ్చింది. మోసమేమీ లేదు, పీఎఫ్ తన సొమ్మే, ఈఎస్ఐ కార్డుతో ఆసుపత్రి ఖర్చూ తప్పుతుంది. ఒక గంట కేటాయించి నల్లబల్ల మీద ఈ లెక్క వేసి చూపిస్తే ఆ కన్నీళ్లు ఉండేవి కావు.

కొత్త ఉద్యోగికి మొదటి జీతం వచ్చేలోగా లేడీస్ హాస్టల్ అడ్వాన్సు, నెల అద్దె, బస్సు ఖర్చులు ఉంటాయి. వీటి కోసమే నెలకు 1,000 రూపాయల చొప్పున కొన్ని నెలల పాటు ఇచ్చే ఏర్పాటు పథకంలో ఉంది. ఆ డబ్బు మా అమ్మాయి ఖాతాలో పడేసరికి అవసరం దాటిపోయింది. నేను నగరంలో ఉన్నాను కాబట్టి సర్దగలిగాను. తనతో పాటు చేరిన కొందరు పిల్లలు చిన్న మొత్తం చేతిలో లేక మొదటి నెలలోనే ఇంటికి తిరిగి వెళ్లిపోయారు. అంత బాగా నేర్పిన టీచరమ్మ శ్రమ, ప్రభుత్వం పెట్టిన ఖర్చు అక్కడ వృథా కావడం నాకు నిజంగా బాధ కలిగించింది.

నగరంలో పుట్టి పెరిగిన వారికి ఈ పథకం వర్తించదు. వారు జంట నగరాల యువత కోసం 1978లో ఏర్పడిన సెట్విన్ ఉపాధి శిక్షణ కేంద్రాలను, యంత్రాల పని నేర్చుకోవాలనుకుంటే బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను, మల్లేపల్లి ఐటీఐని విచారించవచ్చు. కేంద్ర ప్రభుత్వం ఉద్యోగాల కోసం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు ఉచితం. మా అమ్మాయి రెండో ఉద్యోగం కోసం అందులోనే చూస్తోంది.

పల్లె నుంచి పిల్లలను పంపేవారు మాత్రం తప్పక పంపండి. చేర్చే రోజునే కేంద్రం మేనేజర్‌ను కలిసి, గత బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అడిగి, వారిలో ఇద్దరితోనైనా ఫోన్‌లో మాట్లాడండి. ఆఫర్ లెటర్ వచ్చాక సంతకం పెట్టే ముందే చేతికొచ్చే జీతం, షిఫ్టు వేళలు, వారపు సెలవు రాతపూర్వకంగా తీసుకోండి. మొదటి నెల హాస్టల్ ఖర్చుకు సరిపడా డబ్బు శిక్షణ ముగిసేలోగా పక్కన పెట్టుకోండి; వెయ్యి రూపాయల సాయం వచ్చినప్పుడు వస్తుంది.