తీగ గులాబీతో ఐదేళ్ళు: పూలు పైపోర్షన్‌కి, కాడలు మాకు

మల్కాజ్‌గిరిలో మా వాటా ముందు ఖాళీ జాగా మొత్తం కలిపి 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. స్కూటీ, తులసికోట, చెప్పుల స్టాండు అన్నీ అందులోనే. అందుకే తీగ గులాబీ కొనేటప్పుడు నేను రంగూ చూడలేదు, వాసనా చూడలేదు. ముళ్ళే చూశాను. గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చే అబ్బాయి, పిల్లల స్కూల్ బ్యాగులు, నా చున్నీ అన్నీ ఆ సందులోంచే పోవాలి మరి. ముళ్ళు తక్కువని క్లైంబింగ్ ఐస్‌బర్గ్ అనే తెల్ల తీగ గులాబీ తెచ్చాను. ఎండ, పేడ ఎరువు సంగతులు మీకందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా.

మొదటి రెండేళ్ళు నేను దీన్ని తెగ మెచ్చుకున్నాను. కిటికీ గ్రిల్ పట్టుకుని జర్రున ఎగబాకింది, చూసినవాళ్ళందరికీ గొప్పగా చూపించాను. తీరా పూయడం మొదలుపెట్టాక చూస్తే పూలన్నీ ఫస్ట్ ఫ్లోర్ బాల్కనీ ఎత్తులో! మా కిటికీలోంచి కనిపించేవి ఉత్త కాడలు. పైపోర్షన్ ఆంటీ ఒకరోజు మెట్లు దిగుతూ "మీ మొక్క మా దేవుడికి ఎంత బాగా పూస్తోందమ్మా" అంది. నవ్వాను గానీ లోపల కాలింది. నీళ్ళు పోసేది నేను, పూజ ఆవిడది.

మా మామయ్యగారు ఊరి నుంచి వచ్చినప్పుడు చూసి, "నిలబెట్టి పెంచుతున్నావేంటమ్మా, పడుకోబెట్టు" అన్నారు. కొమ్మ నిటారుగా ఉన్నంతకాలం జోరంతా కొన చిగురుదేనట, కింది కణుపులు లేవవట. అడ్డంగా వంచితే ప్రతి కణుపు నుంచీ పక్క కొమ్మ వచ్చి దాని చివర పూస్తుందట. సరే, వానలు తగ్గాక అక్టోబరులో గ్రిల్ నుంచి విప్పి ప్రహరీ గోడకి మేకులు కొట్టి వంచబోయాను. ఆత్రంతో అన్నిటికంటే లావు కొమ్మనే ముందు పట్టుకున్నా. టప్‌మని మొదలు దగ్గరే విరిగింది. రెండేళ్ళ కొమ్మ! ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదంటే మావారు ఇప్పటికీ నవ్వుతారు. తర్వాత బుద్ధొచ్చి లేత ఆకుపచ్చ కొమ్మల్ని మాత్రమే, పాత కాటన్ చీర పీలికలతో, రోజుకి కాస్త చొప్పున రెండు వారాలు లాగి లాగి కట్టాను.

డిసెంబరులో ఒక్క కొమ్మ మీదే 11 గుత్తులు లెక్కపెట్టాను, అదీ నా నడుము ఎత్తులో. చలిరోజుల్లో తెల్ల రేకుల మీద లేత గులాబీ ఛాయ కూడా వస్తుంది, పొద్దున్నే టీ పట్టుకుని అక్కడే నిలబడిపోతాను.

అయితే ముందు అందరితో "ముళ్ళే ఉండవు" అని చెప్పాను చూడండి, దాన్ని కొంచెం సవరించుకోవాలి. తక్కువే, లేకపోలేదు. ముదిరిన కొమ్మల మీద ఉన్నవి ఇప్పటికి రెండు చున్నీలు చింపాయి. ఆగస్టు వచ్చిందంటే ఆకుల మీద నల్లమచ్చ తెగులు, వేపనూనె కొట్టినా సగం ఆకు రాలుతుంది, గోడకి పుల్లలు అతికించినట్టుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పువ్వు చిన్నది, రెండో రోజుకే వాడుతుంది. ఇంకోటి, మామూలు ఐస్‌బర్గ్ 1958 నాటి పొద గులాబీ, ఈ తీగ రకం 1968లో దాన్నుంచే వచ్చింది. అందుకే మాలీ మోకాలి ఎత్తుకి నరికేస్తే మళ్ళీ పొదలాగే పెరిగే అవకాశముంది. మా మాలీ కత్తెర తీస్తే నేను పక్కనే నిలబడతాను.

మాది తూర్పు గోడ, ఎండ మధ్యాహ్నానికే తప్పుకుంటుంది, నేను ఇంట్లోనే ఉంటాను కాబట్టి కట్టడానికి, విప్పడానికి తీరిక ఉంది. పడమటి గోడ అయినా, రోజంతా ఆఫీసులో ఉండేవాళ్ళయినా కొనమని గట్టిగా చెప్పలేను. మావారు గేటు పక్కన డాన్ జువాన్ అనే ఎర్ర తీగ గులాబీ పెడదామంటున్నారు. దాని ముళ్ళు చూశాక గ్యాస్ అబ్బాయి మొహం గుర్తొచ్చి వద్దన్నాను. పైన ఆంటీ మాత్రం ఇప్పుడు పూలకి కిందికి దిగి వచ్చి, అడిగి కోసుకుంటుంది.